నవ్వితే దొరను చూసి నవ్వాల



పలమనేరులో గంగమ్మ జాతరంటే తెలియనోళ్లు లేరు. పలకల మోత, వేషాలు, చిందులు మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. కానీ ఆ వేషాల వెనకుండే అర్థం గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. ఈసారి దాని గురించి రాస్తున్నాం, కొంచెం ఓపికగా చదవండి.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథ గుర్తుందా? ఆడబిడ్డల్ని చెరబట్టే పాలెగాడు అమ్మకు భయపడి దాక్కుంటాడు. అమ్మ బైరాగి వేషంలో, బండ వేషంలో, తోటి వేషంలో వెతుకుతాది. దొరకడు. దొర వేషం కట్టినాకనే వాడు బయటికొస్తాడు, తల పోగొట్టుకుంటాడు. ఆ వేషాలు కైకాల వంశం వాళ్లు కడతారు. మామూలు జనంలో మగోళ్లు చీరకట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. 2024లో పుష్ప 2 వచ్చినాక దేశమంతా ఆ చీర వేషం చూసింది.

ఇట్లాంటిదే సముద్రాల అవతల ట్రినిడాడ్ దీవిలో ఉంది. అక్కడి కార్నివాల్ మొదట తోటల యజమానుల పండగ. 1838లో బానిసత్వం పూర్తిగా పోయినాక నల్లజాతి జనం దాన్ని వీధిలోకి తెచ్చుకున్నారు. యజమానుల ఇళ్లలో ఆడోళ్ల సింగారాన్ని వెక్కిరిస్తూ డేమ్ లొరేన్ అనే వేషం కట్టినారు. 1881లో వాళ్ల కాగడాల ఊరేగింపును పోలీసులు ఆపబోతే తిరగబడినారు. తర్వాత డోళ్లు కొట్టడాన్ని సర్కారు అణిచేసింది. వాళ్లు ఊరుకోలేదు. వెదురు బొంగులు కొట్టినారు, ఆ తర్వాత డబ్బాలు, ఇనుప డ్రమ్ములు కొట్టినారు. దాంట్లో నుంచే స్టీల్‌పాన్ పుట్టింది. 1992లో అదే ఆ దేశానికి జాతీయ వాద్యమైంది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. కాలేజీ ఫెస్టుల్లో, ఊరేగింపుల్లో 'గిరిజన నృత్యం' అని ఏం చూపిస్తున్నారు? ఒంటికి నల్లరంగు, నడుముకు ఆకులు, చేతిలో బల్లెం, అర్థంలేని కేకలు. ఏ సుగాలి అవ్వ అట్లా ఉంటాది? ఏ యానాది అన్న, ఏ ఎరుకల అక్క అట్లా అరుస్తారు? అది చూసి పక్కనోళ్లు నవ్వతా ఉంటే, మన పిల్లోళ్లు తలొంచుకుని కూర్చుంటారు.

"జాతరలో అందరూ అందరి వేషాలూ కడతారు గదా, మీకెందుకు కోపం?" అంటారు కొందరు. తేడా ఉంది. జాతరలో తోటి వేషంలో ఉండేది సాక్షాత్తూ అమ్మే, జనం ఆ వేషానికి దండం పెడతారు. అక్కడ ఓడిపోయేది పాలెగాడు. ట్రినిడాడ్‌లో కూడా డేమ్ లొరేన్ వేషం వెక్కిరించింది పైనుండేవాళ్లనే. ఫెస్టులో మాత్రం వెక్కిరింత కిందుండేవాళ్ల మీద పడుతోంది. అది వేషం కాదు, ఎగతాళి.

అందుకే మేము అనేది ఇది. స్టేజీ కాడ గొడవ వద్దు. ఫెస్టుకు ముందే పదిమంది కలిసి పోయి లెక్చరర్లతో మాట్లాడదాం. "వద్దు" అని చెప్పి వచ్చేస్తే చాలదు, "మా ఆట మేమే ఆడతాం" అనాల. తండాలో అవ్వల దగ్గర కూర్చుని అడుగులు, పాటలు నేర్చుకుందాం. వాళ్లనే పిలిపిస్తే బస్సు చార్జీలు, భోజనం, చేతికి కొంత డబ్బు ఇప్పించాల. ఊరికే ఆడించుకుని పంపించడం కూడా అవమానమే.

మన వేషం మనం కట్టకపోతే, ఇంకొకరు వాళ్లకు తోచినట్టు కడతానే ఉంటారు.