మట్టికోట చుట్టూ... సైకిల్ షికారు!

మౌంటెన్ బైక్ కొన్న కుర్రాడికి సెలవురోజు కాలు నిలవదు. గుట్టలు, రాళ్లబాటలు వెతుక్కుంటాడు. వరంగల్‌లో అందుకు దూరం పోనక్కర్లేదు. తెల్లారేసరికి వేయిస్తంభాల గుడి దగ్గర బయల్దేరి కోట చేరితే చాలు.

తోరణాలు, ఖుష్‌మహల్ అందరూ చూసేవే. రాతికోట, కందకం దాటి ఇంకా అవతలికి వెళ్తే మట్టికోట. ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 2.4 కిలోమీటర్లు! 1310లో మాలిక్ కాఫర్ ముట్టడించినప్పుడు, యంత్రాలతో విసిరిన రాళ్లు సైతం ఈ గోడకు తగిలి వెనక్కి ఎగిరొస్తాయని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. చివరికి బయటికోట చేజారింది, ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. అయినా పగవాడు మెచ్చిన గోడ అది.

ఇప్పుడు దాని శత్రువులు వేరు. ఒకపక్క ఆక్రమణలు, మరోపక్క వానకోతలు. కట్టమీద టైరు చేసిన గాడిలోకి నీరు దిగితే అదీ ఓ కోతే. అందుకే సైకిల్ కింది బాటలోనే. ఎత్తునుంచి చూడాలనుకుంటే సైకిల్ దిగి, ఏకశిల గుట్ట ఎక్కితే సరి.

యంత్రాల దెబ్బలు కాచుకున్న మట్టి, మన సరదాకి కరిగిపోకూడదు కదా!