పాత మిషన్‌కు ఇది చాలంటావా?

“పాత మిషనే గదన్నా, దీనికి గిది సాలు.”

సూర్యాపేటలో విన్నాను ఈ మాట. కోదాడలో విన్నాను, మిర్యాలగూడలోనూ విన్నాను. చెట్లు కోసే మిషన్‌కు బోరు, పిస్టన్ కొనబోయిన ప్రతి కూలీకీ ఇది తెలిసిన మాటే. మన డబ్బు మిగిల్చే పెద్దమనిషిలా చెబుతాడు అమ్మేవాడు. జేబు కొట్టే ముందు భుజం మీద వేసే చెయ్యి అది.

నా మిషన్ సంగతి చెప్తాను. సాగర్ ఎడమ కాలువ కింద సుబాబులు, నీలగిరి, తుమ్మ ఏళ్ల తరబడి కోసిన మిషన్. ఓ ఎండాకాలం మధ్యాహ్నం, మొద్దు సగం తెగాక పట్టేసింది. ఒక దుకాణంలో పేరున్న కంపెనీ పెట్టె చేతిలో పెట్టారు. బిల్లు అడిగితే “బిల్లయితే రేటు మారుతది” అన్నారు. ఆ మాటకే మెట్లు దిగి రావాల్సింది. రాలేదు. మూడో వారానికి మళ్లీ పట్టేసింది. విప్పి, బోరులోకి వేలు పెట్టి సైలెన్సర్ వైపు రంధ్రం అంచు తడిమాను. వేలు తెగింది. మంచి బోరులో ఆ అంచును కాస్త ఏటవాలుగా రాసి నున్నగా చేస్తారు, రింగు దాని మీదుగా జారిపోవాలి గనుక. ఇక్కడ ఆ పని చేసినవాడే లేడు. రింగు అంచుకు తగులుకుని విరిగింది. విరిగిన ముక్క పిస్టన్‌ను పైనుంచి కింది దాకా చీరేసింది. పెట్టె మాత్రం ఇంకా తళతళలాడుతూనే ఉంది.

పాత మిషన్ అంటే మెల్లగా తిరిగే మిషన్ అనుకున్నారా? చైన్ సా ఇంజన్ పూర్తి వేగం అందుకుంటే నిమిషానికి దాదాపు 12,000 సార్లు తిరుగుతుంది. సెకనుకు 200 సార్లు. మీరు రెప్పవేసి తెరిచేలోపు ఆ రింగు ఆ అంచు మీదుగా పదుల సార్లు వెళ్లొస్తుంది. మిషన్ వయసు చూసి పిస్టన్ జాలిపడదు. పాతదానికి నాసిరకం చాలు అన్నవాడికి ఇంజనన్నా తెలియదు, మన కష్టమన్నా లెక్కలేదు.

నకిలీ విత్తనం అంటే మా ప్రాంతం భగ్గుమంటుంది. పత్తి మొలకెత్తకపోయినా, మిరప కాపు రాకపోయినా దుకాణం ముందు బైఠాయిస్తాం. అదే బజారులో నకిలీ పిస్టన్ అమ్మినవాడికి నమస్తే పెట్టి, చాయ్ తాగి ఇంటికొస్తాం. ఎందుకు? రైతు నష్టపోతే అన్యాయం, మొద్దులు కోసే కూలీ నష్టపోతే తలరాతా? మిషన్ ఆగిన రోజు ఆ ఇంట్లోకి రూపాయి రాదు. ఒకరి పేరు దొంగిలించి పెట్టె మీద అచ్చువేయడం నేరం. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్ల కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. తయారుచేసినవాడికే కాదు, తెలిసి కౌంటర్ మీద పెట్టి అమ్మినవాడికి కూడా.

“అయితే కంపెనీదే కొనాలా?” అంటారు. నేను ఏ కంపెనీకీ ఏజెంటును కాను, వాళ్ల లెక్క కూడా తేల్చాల్సిందే. “ఒరిజినల్ విడిభాగాలే వాడండి” అని గోడల నిండా పోస్టర్లు అంటిస్తారు. పాత మోడల్‌కు పిస్టన్ అడిగితే “అది ఆగిపోయింది, కొత్త మిషన్ తీసుకోండి” అంటారు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచి, వ్యవసాయ పరికరాలను కూడా అందులో చేర్చింది. పోర్టల్ తెరిస్తే సరిపోయిందా? విడిభాగం మా ఊరి కౌంటర్ దాకా రావాలి. అసలు సరుకు దొరకనివ్వని కంపెనీకి నకిలీని తిట్టే హక్కు లేదు.

కొట్లో ఉండే సరుకు మూడు రకాలు. మొదటిది కంపెనీది. రెండోది తన పేరు తానే వేసుకుని నిజాయితీగా చేసేవాడిది. ఇటలీవాళ్ల మెటియోర్ పిస్టన్లు, కేబర్ రింగులు అలాంటివే, ఎన్నో దేశాల మెకానిక్‌లు నమ్మి వాడతారు. మూడోది పరాయి పేరు పెట్టుకున్న దొంగ సరుకు. రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపి “లోకల్” అని ఒకే సంచిలో పోస్తున్నాడే, వాడితోనే నా కొట్లాట. చవక సరుకు అమ్ము, చవకది అని చెప్పి అమ్ము.

ఇక మెకానిక్ అన్నలారా, మీకూ చెప్పాలి. “బోరు సెట్టు మొత్తం మార్చాలె” అనే ముందు బోరు చూశారా? ఇది ట్రాక్టర్ బ్లాకు కాదు, లేత్ మీద బోరింగ్ కొట్టడానికి. అల్యూమినియం బోరు లోపలి గోడకు సాధారణంగా నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పల్చటి పూత ఉంటుంది. అది పోతే బోరు చెత్తకుప్పకే. కానీ గీతల్లా కనిపించేది చాలాసార్లు పిస్టన్ కరిగి అంటుకున్న లోహమే. దాన్ని జాగ్రత్తగా తీసి, గోరుతో గీకి చూడండి. గోరుకు గాడి తగలకపోతే ఆ పాత బోరును ఉంచండి, మంచి పిస్టన్, రింగులు వేయండి. కొలిచారా మరి? స్టిల్ కంపెనీ ఎంఎస్ 170 బోరు 37 మి.మీ., ఎంఎస్ 180ది 38 మి.మీ., బయటికి మాత్రం రెండూ కవలలు. స్టిక్కరు చూసి పిస్టన్ ఇచ్చేవాడిని మెకానిక్ అనను.

అసలు ఎందుకు పట్టేసిందో అడిగారా? పిస్టన్‌కు కార్బొరేటర్ వైపు గీతలుంటే ఫిల్టర్ దాటి దుమ్ము పోయిందేమో చూడాలి. సైలెన్సర్ వైపు గీతలుంటే ఆయిల్ చాలలేదో, ఎక్కడో గాలి పీలుస్తోందో. ఎండిపోయిన క్రాంక్ ఆయిల్ సీలు, పగిలిన పెట్రోల్ పైపు, బిగుసుకుపోయిన కార్బొరేటర్ డయాఫ్రమ్, వీటినీ చూడాలి. 2025 నాటికి మన బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరుకు అది పడదు. యాభైకి ఒకటి పాళ్లు అడిగే మిషన్‌కు లీటరుకు 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్ కొలిచి పోయాలి, మూత నిండా కుమ్మరిస్తే కుదరదు. కారణం వెతకకుండా పిస్టన్ మార్చడమంటే జ్వరం చూడకుండా దుప్పటి మార్చడమే.

కొనేవాడా, నిన్నూ వదలను. హ్యాండిల్ దగ్గర, పై కవర్ దగ్గర ఎంతైనా బేరమాడు. ఆయిల్ సీలు, బేరింగు, పిస్టన్ పిన్ను లాకుల దగ్గర పది రూపాయలకు పట్టుబట్టావో, బోరంతా పోగొట్టుకుంటావు. బిల్లు వద్దని నువ్వే అన్నాక, మోసపోయానని ఎవరి ముందు ఏడుస్తావు? బిల్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 5 లక్షల లోపు కొన్న సరుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండా ఫిర్యాదు వేయొచ్చు.

రేపు కౌంటర్ దగ్గర ఎవరైనా “దీనికి గిది సాలు” అంటే ఒక్కటే అడుగు: “ఇది ఏ కంపెనీదో బిల్లు మీద రాసి సంతకం పెట్టన్నా.” పెడితే కొను. పెట్టకపోతే, ఆ పెట్టెలో ఏముందో అతనికి తెలుసు. ఇప్పుడు నీకూ తెలుసు.