గొర్రె పొదుగునూ తడిమి చూడాలి

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాలవే. మందలు పెరిగినందుకు సంతోషమే. అయితే ఈతకొచ్చిన ప్రతి గొర్రె తన పిల్లకు కడుపునిండా పాలివ్వగలుగుతోందా అన్నది కూడా అంతే ముఖ్యమైన ప్రశ్న. దాన్ని అడిగేవారు తక్కువ.

నెల్లూరు జాతి కానీ, దక్కనీ కానీ మనం మాంసం కోసమే పెంచుతాం. గేదె అర లీటరు తక్కువిస్తే పాల కేంద్రంలో ఆ పూటే తెలిసిపోతుంది. గొర్రె పాలు కొలిచేవారు లేరు, వాటి తేడా తెలిసేది పిల్లకే. పుట్టిన మొదటి మూడు నాలుగు వారాలు దాని ఎదుగుదలంతా తల్లిపాల మీదే. పిల్ల చిక్కితే నట్టలేమో అనుకుని మందు పోస్తారు. తల్లి పొదుగు మీదికి అనుమానం పోదు.

పోకపోవడానికి కారణముంది. పైకి కనిపించని పొదుగువాపులో పొదుగు ఎర్రబడదు, వేడెక్కదు, పాలు విరిగినట్టూ ఉండవు. లోపల మాత్రం క్రిములు, ఎక్కువగా స్టెఫైలోకాకస్ రకాలవి, పాలు తయారయ్యే కణజాలాన్ని దెబ్బతీస్తుంటాయి. గొర్రె పొదుగులో రెండు భాగాలూ వేటికవే కాబట్టి ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది. కడుపు నిండని పిల్ల వెనకనుంచి పక్క గొర్రె కిందికి దూరి నాలుగు గుక్కలు కుడుస్తుంది. దాని నోటితోపాటే క్రిములూ కొత్త పొదుగుకు చేరతాయి. పిల్లకు మూతిపుండ్లు ఉంటే చన్నులకూ పుండ్లు పడతాయి, రోగానికి అదో దారి. ఒకే చన్ను కుడిచే పిల్ల, పరాయి తల్లుల వెంట తిరిగే పిల్ల కనబడితే వెంటనే దాని తల్లిని పట్టి చూడాలి.

పరీక్ష పెద్ద పనేం కాదు. పాడి పశువులకు వాడే కాలిఫోర్నియా పరీక్ష గొర్రెకూ పనికొస్తుంది. మొదటి ధారలు వదిలేసి, రెండు చన్నుల పాలు రెండు గిన్నెల్లోకి విడివిడిగా పిండి, అంతే ఊదారంగు ద్రావణం కలిపి తిప్పాలి. మంచి పాలు నీళ్లలాగే కదులుతాయి. రోగమున్న భాగం పాలు క్షణాల్లో గంజిలా చిక్కబడతాయి. పాలలో చేరిన తెల్లకణాలు పగిలి అలా బంక కడతాయి.

మందంతటికీ యాంటీబయాటిక్ పొడిచేస్తే సరిపోతుందనడం తప్పు. రోగం ముదిరి గడ్డకట్టిన పొదుగు ఏ ఇంజెక్షన్‌కూ మళ్లీ పాలపొదుగు కాదు, మందులకు లొంగని క్రిములు మాత్రం పెరుగుతాయి. చేయాల్సింది పిల్లలు పాలు మానాక, పొట్టేలును కలపకముందు ప్రతి గొర్రె పొదుగునూ చేత్తో తడమడం. నట్టల నివారణకూ టీకాలకూ పశుసంవర్ధక శాఖ సిబ్బంది ఎలాగూ మందల దగ్గరికి వస్తున్నారు. అప్పుడే ఈ పనీ చేయించాలి. గొర్రెను కొనేటప్పుడు వయసు కోసం పళ్లు చూస్తాం, పొదుగూ చూడాలి. ప్రభుత్వ పథకాల కొనుగోళ్లలో ఇది తప్పనిసరి నిబంధన కావాలి.

గడ్డ దొరికిన గొర్రెను తీసేయమని చెప్పడం తేలికే. ఇరవై గొర్రెలున్న కాపరికి ఒక్కటి పోయినా సంసారం మీద పడే దెబ్బ అది. అందుకే అలాంటి గొర్రెను మాంసానికి అమ్ముకున్న కాపరికి, ఆరోగ్యమైన మరో ఆడ గొర్రెపిల్లను కొనుక్కునేందుకు రాయితీ ఇవ్వాలి. ఆ ఖర్చును ప్రభుత్వాలు గొర్రెల పథకాల్లోనే చేర్చాలి.