పదికి పదీ ఇచ్చాం, అడగడం మానేశాం

నాట్లు అయిపోయాక ఒక పొద్దున కాలవ గట్టు మీద టీ అంగట్లో కూర్చున్నాం. పంచాయతీ ఎన్నికల మాట వచ్చింది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన, మన సంఘంలో పాత సభ్యుడు, గ్లాసు కింద పెట్టి అన్నాడు: "ఈసారి నేను బూతుకు రాను నాయనా. ఎవడికేసినా నా కయ్యకి నీళ్ళు రాలా. ఇంకెందుకు?"

అక్కడ పదిమంది దాకా ఉన్నాం. ఒక్కరం కూడా ఆయన మాట కాదనలేదు. సంఘం పెద్దనని పేరున్న నాకూ నోరు పెగల్లేదు. ఆ రోజు చెప్పలేకపోయిన సమాధానాన్ని ఈ నెల సంపాదకీయంలో రాస్తున్నాను.

మొదట ఆయన కోపంలో న్యాయం ఎంత ఉందో చూద్దాం. 2019లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని పది అసెంబ్లీ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఇచ్చాం. 2024లో అవే పది స్థానాలూ తెలుగుదేశానికి ఇచ్చాం. ఇంత నిండు మనసుతో తీర్పు ఇచ్చే ఓటరు ఎక్కడ దొరుకుతాడు? కానీ మారినవి జెండాలేనా, మనుషులు కూడానా? ఆనం రామనారాయణరెడ్డి గారు 2019లో వెంకటగిరి నుంచి ఒక పార్టీ గుర్తు మీద గెలిచారు, 2024లో ఆత్మకూరు నుంచి ఇంకో పార్టీ గుర్తు మీద గెలిచారు. కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి గారు నెల్లూరు రూరల్‌లో రెండుసార్లూ గెలిచారు, గుర్తు మాత్రం వేరు. వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి గారు అక్కడ రాజ్యసభ సభ్యులుగా ఉండి, ఇక్కడికి వచ్చి లోక్‌సభకు గెలిచారు. వారిని తప్పుపట్టడానికి ఈ పేర్లు రాయలేదు. ఎవరి కారణాలు వారికి ఉంటాయి. పార్టీని చూసి ఓటేయమంటే పార్టీ నిలవడం లేదు, మనిషిని చూసి వేయమంటే మనిషి ఏ గట్టున ఉంటాడో తెలియడం లేదు. రైతు ఏది చూసి ఓటేయాలన్నదే నా ప్రశ్న.

పోనీ హామీలు చూసి వేద్దామా? 2014లో వ్యవసాయ రుణాలన్నీ మాఫీ అన్నారు. గెలిచాక కుటుంబానికి లక్షన్నర అని గీత గీశారు, అదీ విడతల మీద ఇస్తామన్నారు. నాలుగో విడత, ఐదో విడత మన ఖాతాల్లో పడకుండానే 2019 వచ్చింది. 2019లో ఏటా 12,500 అన్నారు. గెలిచాక దాన్ని 13,500 చేశామని చెప్పారు, అందులో 6,000 కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చేదే. 2024లో ఏటా 20,000 అన్నారు. మొదటి ఏడాది రాలేదు. 2025 ఆగస్టు 2న మొదలైంది, ఆ ఇరవైలో కూడా కేంద్రం ఇచ్చే ఆరు వేలు కలిసే ఉంది. రెండు పార్టీలూ లెక్క ఒకే బడిలో నేర్చుకున్నట్టున్నాయి. ఇక కౌలు రైతు సంగతి ఎవరి లెక్కలోనూ సరిగా లేదు. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. పెట్టే యజమాని ఎంతమంది? ప్రభుత్వం మారినా ఆ కార్డు దగ్గర కౌలు రైతు పడే పాట్లు మారలేదు.

ఇలాంటి అభ్యర్థులే ఎందుకు వస్తున్నారో కూడా ఆలోచించాలి. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. రెండు లక్షల ఓటర్లున్న నియోజకవర్గం అనుకుంటే ఓటరుకు ఇరవై రూపాయలు. కవరులో రెండు వేలు పెట్టి లక్ష మందికి పంచితే ఇరవై కోట్లు. ఆ ఇరవై కోట్లు ఉన్నవాడికే టిక్కెట్టు వస్తుంది. కాంట్రాక్టులో, గనుల్లో, రొయ్యల్లో, కాలేజీల్లో సంపాదించినవాడికి అది పెట్టుబడి, పెట్టినది రాబట్టుకోవాలి గదా. రెండెకరాల రైతుకు, కౌలుదారుకు ఆ గుమ్మంలోకి పోయే దారి లేదు. విడవలూరు మండలం అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు సైకిలు మీద చట్టసభకు పోయారని మన పెద్దలు చెబుతారు. ఈ రోజు అదే అలగానిపాడు కుర్రాడు సైకిలు మీద ఊరూరా తిరిగి నామినేషన్ వేస్తానంటే మనమే నవ్వుతాం. ఆ నవ్వులో మన తప్పు కూడా ఉంది.

ఇంకో చిన్న లెక్క. ఓటుకు రెండు వేలు తీసుకున్నామనుకోండి. ఐదేళ్ళంటే 1,825 రోజులు, రోజుకు రూపాయి పది పైసలు పడుతుంది. ఇక కళ్ళంలోకి రండి. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. తేమ అని, తాలు అని, తరుగు అని పుట్టికి 50 కిలోలు అదనంగా లాగితే, 2025-26లో క్వింటాలుకు ఉన్న 2,369 రూపాయల మద్దతు ధర మీద పుట్టికి 1,184 రూపాయలు పోయినట్టు. ఎకరాకు మూడు పుట్లు పండితే ఒక కారుకు ఎకరా మీద 3,553 రూపాయలు. ఎన్నికలకు ముందు మన చేతిలో పడింది ఒక్క ఎకరా తూకంలోనే పోయింది. ఐదేళ్ళూ, రెండు కార్లూ, ఉన్న ఎకరాలన్నీ మీరే హెచ్చవేసుకోండి. అయినా తూకం సంగతి ఏం చేస్తావని ఏ అభ్యర్థినీ మనం నిలదీయలేదు.

"అయితే నోటాకు వేద్దాం" అంటారు కుర్రవాళ్ళు. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ మీట మనకు వచ్చింది. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో ప్రధాన ప్రతిపక్షం అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకుంటే రెండు లక్షలకు పైగా జనం నోటా నొక్కారు. రెండో స్థానం నోటాదే. అయినా మొదటి స్థానం వచ్చినవారు దర్జాగా గెలిచి పార్లమెంటుకు పోయారు. నోటా మన కోపాన్ని లెక్కలో రాస్తుంది. కాలవలో పూడిక తీయదు. బూతుకు రానన్న పెద్దాయన కోపమైతే లెక్కలోకి కూడా రాదు. ఆయన రాకపోతే సంతోషించేది కవర్లు పంచేవాడే, ఒక కవరు మిగులుతుంది.

అసలు సంగతి ఇక్కడి నుంచి. ఐదేళ్ళకోసారి వచ్చే పెద్ద ఎన్నిక గురించే మనం మాట్లాడుకుంటున్నాం. కోట్లు అక్కర్లేకుండా మనం నిలబడి గెలవగలిగిన చిన్న ఎన్నికలు మన చేతుల్లోంచి ఒక్కొక్కటే జారిపోయాయి. మనం చూస్తూ ఊరుకున్నాం.

సహకార సంఘం చూడండి. ఎరువు కట్ట, పంట అప్పు, చాలా చోట్ల ధాన్యం కొనుగోలు ఈ సంఘం దగ్గరే ఉంటాయి. మన రాష్ట్రంలో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగింది 2013లో. వాళ్ళ ఐదేళ్ళ గడువు 2018లో అయిపోయింది. ఆ తర్వాత ఎన్నిక లేదు. ఆ ప్రభుత్వం ముగ్గురితో కమిటీ వేసింది, ఈ ప్రభుత్వమూ ముగ్గురితో కమిటీ వేసింది. వాటా డబ్బు మనది, అప్పు మనది, వడ్డీ మనది, అధ్యక్షుడు మాత్రం ఎమ్మెల్యే గారి మనిషి. 2013లో పద్దెనిమిదేళ్ళున్న కుర్రాడికి ఇప్పుడు ముప్పై దాటింది, పిల్లలు బడికి పోతున్నారు. సొంత సొసైటీలో అతను ఒక్కసారి కూడా ఓటు వేయలేదు.

నీటి సంఘం చూడండి. 1997లో చట్టం చేసి, కాలవ పెత్తనం ఆయకట్టు రైతుదే అన్నారు. ఆ ఏడాదే రాష్ట్రమంతా పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. తర్వాత ఎన్నికలు క్రమం తప్పకుండా జరగలేదు. 2024 డిసెంబరులో మళ్ళీ పెట్టారు. చేతులెత్తే పద్ధతి. ప్రతిపక్షం బహిష్కరించింది, చాలా చోట్ల ఏకగ్రీవం అయిపోయింది. అంతకు ముందు 2021 పరిషత్ ఎన్నికలను అప్పటి ప్రతిపక్షం బహిష్కరించింది. రెండు పార్టీలూ ఒకే పాఠం చదివాయి. మా ఊరి దగ్గర జరిగిన సమావేశంలో నేనూ ఉన్నాను. పేరు ముందే రాసుకొచ్చారు. "గొడవలెందుకన్నా, అందరూ అనుకున్నదే గదా" అన్నారు. నేనూ చెయ్యెత్తాను. ఆ సంఘం చేతులో పని ఏముందో, పూడికకు డబ్బు ఎంత వచ్చిందో ఆ రోజు అడగలేదు. ఇప్పుడు చివరి ఆయకట్టుకు నీళ్ళు రాలేదని నేను గొంతు చించుకుంటే వినేదెవరు?

సంగం, నెల్లూరు బ్యారేజీలు రాజశేఖరరెడ్డి గారి కాలంలో మొదలై ఐదుగురు ముఖ్యమంత్రులను చూసి 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయ్యాయి. మంచిదే, సంతోషం. కానీ బ్యారేజీలో నిలిచిన నీళ్ళు ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు కయ్యలకు చేరేది గుర్రపుడెక్క తీసిన కాలవ మీదనే, తలుపులున్న తూముల మీదనే. ఆ పని ముఖ్యమంత్రి చేయడు. చేయించాల్సింది నీటి సంఘం. అక్కడ మనం చెయ్యెత్తి ఇంటికొచ్చాం.

పంచాయతీ చూడండి. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన సర్పంచుల గడువు ముగింపుకు వచ్చింది. అప్పట్లో ఏకగ్రీవమైతే ఊరి జనాభాను బట్టి ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా బహుమతి అన్నారు. నిజంగా ఊరంతా కూర్చుని మంచి మనిషిని ఎంచుకుంటే దానికంటే మేలైంది లేదు. కానీ గుడికి ఇన్ని లక్షలు ఇస్తానన్నవాడికి పదవి పాడితే దాన్ని ఏకగ్రీవం అనరు, వేలం అంటారు. వేలంలో కొన్నవాణ్ణి లెక్క అడిగే హక్కు మనకు ఉంటుందా? పోటీ పడి గెలిచిన సర్పంచులకూ సుఖం లేదు. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిలకు సర్దేశారని వాళ్ళు రోడ్డెక్కినప్పుడు ఊళ్ళో మనం ఎంతమందిమి వెంట నిలబడ్డాం? ఆ డబ్బు సర్పంచుది కాదు, మన ఊరిది.

మన మాట చెల్లదని అనుకునేవారికి మన జిల్లాలోనే జవాబు ఉంది. దూబగుంట రోసమ్మ గారు, ఆమెతోటి ఆడవాళ్ళు ఏ పార్టీ అభ్యర్థులు? రాత్రి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని సారా అంగడి మీదికి పోయారు. 1992లో ఊళ్ళకు ఊళ్ళు లేచాయి, వేలం పాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం గురించి మాట్లాడకుండా ఓటు అడిగే వీలు లేకపోయింది. అప్పుడు నిలబడ్డ అభ్యర్థులు ఇప్పటి వాళ్ళకంటే దేవుళ్ళేమీ కాదు. అడిగే జనం ముందు నిలబడాల్సి వచ్చింది, అంతే తేడా. తెచ్చుకున్న మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. గెలిచాం గదా అని మనం ఇళ్ళకు పోయాం, ఆదాయం కావాల్సినవాళ్ళు పోలేదు. ఈ రెండో సంగతి కూడా మర్చిపోకూడదు.

కాబట్టి సభ్యులకు నా మనవి ఇది. స్థానిక ఎన్నికలు రాబోతున్నాయి. ఏ పార్టీకి వేయాలో సంఘం చెప్పదు. కానీ ఏ గుర్తు మీద వచ్చినవాడైనా మన ఊరి రచ్చబండ దగ్గర నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి పోవాలి.

ఒకటి: పుట్టి 850 కిలోలకు ఒక్క కిలో ఎక్కువ లాగినా కళ్ళం దగ్గరకొచ్చి నిలబడతావా? రెండు: మన చానల్ పూడికకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయిందీ బోర్డు మీద రాయిస్తావా? మూడు: కౌలు రైతు కార్డు కోసం యజమానులతో మాట్లాడే పని నువ్వు తీసుకుంటావా? నాలుగు: సహకార సంఘానికి ఎన్నిక పెట్టాలని పంచాయతీలో తీర్మానం చేయిస్తావా?

జవాబులు నోట్‌బుక్కులో రాసి, తేదీ వేసి, ఊరి ముందర చదవండి. కవరు ఇస్తే పుట్టి లెక్క చెప్పి వెనక్కి పంపండి. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరపాలని చట్టం ఉంది. ఆ రోజున అదే నోట్‌బుక్కు తీసుకుని పోదాం. ఇకమీదట నీటి సంఘంలో పేరు ముందే రాసుకొస్తే, ఇంకో పేరు మనం రాసుకుని పోదాం. ఓడిపోయినా పర్వాలేదు. గెలిచినవాడికి, చూస్తున్నవాడు ఒకడున్నాడని తెలుస్తుంది. మన సంఘం యువ సభ్యులు వార్డుకైనా నిలబడండి. నవ్వేవాళ్ళు నవ్వనీ, ఈసారి ఆ నవ్వులో నేను ఉండను.

టీ అంగట్లో అన్న పెద్దాయనకు నా జవాబు ఒక్కటే. మామా, నువ్వన్నది నిజమే, ఓటేసినా నీళ్ళు రాలేదు. ఓటేసి ఇంటికి పోయాం, అందుకు రాలేదు. ఈసారి బూతుకు నేనొచ్చి నిన్ను పిలుచుకుని పోతా. మర్నాడు కాలవ గట్టుకు నువ్వొచ్చి నన్ను పిలువు.