జాలి చాలదు, పని తెలియాలి

2021 మే నెలలో, కొవిడ్ రెండో దశ ఊళ్లను ఊపేస్తున్న రోజుల్లో, దేశమంతటా వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా సందేశాలు తిరిగాయి. అమ్మానాన్నలిద్దరూ పోయిన పసిపిల్లలున్నారు, పెంచుకోదలచినవారు ఈ నంబరుకు ఫోన్ చేయండి, దయచేసి పదిమందికీ పంపండి అని వాటి సారాంశం. పంపినవాళ్లలో చాలామంది మంచివాళ్లే. ఒక పసికందుకు నీడ దొరికితే అంతే చాలుననుకున్నవాళ్లు. కానీ ఆ నంబరు అవతల ఉన్నది పిల్లల మేనమామో, పిల్లల్ని అమ్ముకునే దళారీయో తెలుసుకునే దారి వాళ్లకు లేదు. తెలుసుకోవాలన్న ఆలోచనా రాలేదు. చివరికి జూన్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, చట్టాన్ని పక్కనబెట్టి దత్తతకు పిలుపులిచ్చే వ్యక్తుల మీద, సంస్థల మీద చర్యలు తీసుకోవాలని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

ఆ సందేశాలను నడిపించిన నమ్మకం కొవిడ్‌తో పుట్టలేదు, కొవిడ్‌తో పోనూ లేదు. ఆపదలో ఉన్న పిల్లల్ని ఆదుకోవడానికి మంచి మనసుంటే చాలు, చదువూ శిక్షణా కాగితాల మీది ముచ్చట అన్నదే ఆ నమ్మకం. అనాథాశ్రమానికి బియ్యం బస్తాలు పంపే దాతల్లో అది ఉంది. సోషల్ వర్కర్ పోస్టును ఎవరితోనైనా నింపవచ్చనుకునే అధికారుల్లో ఉంది. ఇద్దరు పిల్లల్ని పెంచిన తల్లికి ఇంకా సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) ఎందుకని అడిగే పెద్దల్లోనూ ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ నిలదీయరు.

నిలదీయాలి. ఎందుకంటే ఈ నమ్మకానికి మూల్యం చెల్లిస్తున్నది పిల్లలు. కంట్లో శుక్లం వస్తే ఊళ్లో దయగల మనిషి ఎవరని వెతకం, ఆపరేషన్ చేయడం వచ్చిన డాక్టర్ కోసం వెతుకుతాం. ఒక పిల్లవాడు ఏ ఇంట్లో, ఎవరి దగ్గర పెరగాలో తేల్చే పనికి మాత్రం ఆ జాగ్రత్త అక్కర్లేదనుకుంటున్నాం.

ఇంతకీ ఆ పని ఏమిటి? 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన బిడ్డ ఎవరికి దొరికినా 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీ ఆ బిడ్డను తాత్కాలికంగా ఒకచోట ఉంచి సామాజిక విచారణకు ఆదేశిస్తుంది. ఆ విచారణ 15 రోజుల్లో ముగియాలి, తుది నిర్ణయం నాలుగు నెలల్లో రావాలి. విచారణ నివేదికకు 2016 నమూనా నిబంధనల్లో ఫారం 22 అని ఒక పత్రం ఉంది. కుటుంబంలో ఎవరెవరున్నారు, వాళ్ల మధ్య సంబంధాలెలా ఉన్నాయి, బిడ్డ ఇల్లెందుకు వదిలింది, బడి సంగతేమిటి, ఎవరైనా హింసించారా అని గడి తర్వాత గడి. ఆ గడుల్లో రాసేదాన్ని బట్టే బిడ్డ ఇంటికి వెళ్తుందో, హోమ్‌కు వెళ్తుందో, పోషణ (ఫోస్టర్) కుటుంబానికి వెళ్తుందో తేలుతుంది.

ఆ గడులు ఎలా నిండుతాయో ఒక్కసారి దగ్గరగా చూడాలి. విజయవాడ రైల్వేస్టేషన్‌లో అర్ధరాత్రి పదకొండేళ్ల కుర్రాడు ఒంటరిగా దొరికాడనుకుందాం. మంచి మనసున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి, ‘ఎందుకొచ్చేశావు నాన్నా? మీ నాన్న కొట్టాడా?’ అని అడుగుతాడు. కుర్రాడు తలూపుతాడు. తలూపితే ప్రశ్నలు ఆగుతాయని వాడికి తెలుసు. ‘తండ్రి కొట్టడం వల్ల ఇల్లు వదిలాడు’ అని గడి నిండుతుంది. తండ్రిని పిలిపిస్తారు, అరగంట మందలిస్తారు, సంతకం పెట్టించుకుని పిల్లవాణ్ణి అప్పగిస్తారు. ‘కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకు అప్పగింత’ అని మర్నాడు జిల్లా పేజీలో వార్త.

పని నేర్చిన సోషల్ వర్కర్ ఇలా మొదలుపెట్టదు. పారిపోయి వచ్చిన పిల్లలు మొదటిరోజు చెప్పే పేరు, ఊరు చాలాసార్లు నిజం కావని ఆమెకు తెలుసు, అందుకని కోప్పడదు. ఎందుకొచ్చావని అడగదు. ఏ బండెక్కావు, తిండి ఎవరు పెట్టారు, ఇంట్లో పొద్దున్నే ఎవరు ముందు లేస్తారు, బడికి ఎవరితో వెళ్తావు అని అడుగుతుంది. జవాబు తన ప్రశ్నలోనే ఇచ్చేయకుండా జాగ్రత్తపడుతుంది. మాటల్లో ఇటుక బట్టీ ఊసు వచ్చినప్పుడల్లా కుర్రాడు మాట మార్చడం గమనిస్తుంది. తర్వాత ఊరికి వెళ్తుంది. బడి పంతులుతో, పక్కింటివాళ్లతో, వాడి అక్కతో విడివిడిగా మాట్లాడుతుంది. తండ్రి బట్టీ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడనీ, కొడుకుని పనికి పంపుతానని ఒప్పుకున్నాడనీ, పిల్లవాడు పోనన్నందుకే కొట్టాడనీ అప్పుడు బయటపడుతుంది.

దెబ్బ అదే, మందు వేరు. ఇప్పుడు చేయాల్సింది తండ్రికి నీతులు చెప్పడం కాదు. అడ్వాన్సు పేరుతో జరుగుతున్న వెట్టి సంగతి కార్మిక శాఖకు, రెవెన్యూ అధికారులకు చేరవేయాలి. కేంద్ర పథకమైన మిషన్ వాత్సల్య కింద అర్హులైన కుటుంబాలకు నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్ ఉంది, దానికి దరఖాస్తు పెట్టాలి. బడిలో మళ్లీ చేర్పించి, కొన్ని నెలలపాటు ఇంటికి వెళ్లి చూస్తూ ఉండాలి. మొదటి దారిలో వెళ్లిన కుర్రాడు వారం తిరక్కుండా బట్టీలోనో, మళ్లీ రైల్లోనో తేలతాడు. పెద్దాయన దయకు ఏ లోటూ లేదు. లేనిది పనితనం.

దయ ఒక్కోసారి నేరుగా గాయం చేస్తుంది కూడా. పుట్టినరోజునాడు అనాథాశ్రమంలో కేక్ కోసి, పిల్లల మధ్య ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టేవారు తాము తప్పు చేస్తున్నామని అనుకోరు. కానీ సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, బడి, ముఖం ఆనవాలు తెలిసేలా మీడియాలో బయటపెట్టడాన్ని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. శిక్ష ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. ఏ తండ్రి నుంచో తప్పించుకుని వచ్చిన ఆడపిల్ల ఎక్కడుందో ఊరంతటికీ చెప్పేయడానికి ఒక్క ఫొటో చాలు.

బిహార్‌లోని ముజఫర్‌పుర్‌ను మరిచిపోకూడదు. అక్కడి బాలికల వసతి గృహం ఏళ్లతరబడి ప్రభుత్వ నిధులతో నడిచింది. నిర్వాహకుడు సొంత పత్రిక, పలుకుబడి ఉన్న పెద్దమనిషి. లోపల ఘోరం జరుగుతున్నా పైనుంచి చూడాల్సిన యంత్రాంగం దాన్ని బయటపెట్టలేదు. 2018లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు చెందిన ‘కోశిశ్’ బృందం బిహార్‌లో 110 సంస్థల సామాజిక తనిఖీ చేసినప్పుడుగానీ లోపల జరుగుతున్న లైంగిక హింస వెలుగులోకి రాలేదు. ఆ బృందం రిజిస్టర్లు, వంటగది చూసి సరిపెట్టుకోలేదు. పిల్లలతో మాట్లాడింది. ఎవరి ఎదుటా నోరు మెదపని పిల్లలు ఎవరి దగ్గర నోరు విప్పుతారు, ఎలా అడిగితే విప్పుతారు అన్నది నేర్చుకోవాల్సిన విద్య. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. వారిలో ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీ మాజీ అధ్యక్షుడు, ఒక సభ్యుడు, బాలల రక్షణ అధికారి కూడా ఉన్నారు. పెద్దమనిషి తరహా చూసి మనిషిని నమ్మే వ్యవస్థ ఎక్కడికి దారితీస్తుందో ఇంతకన్నా వివరించనక్కర్లేదు. మనసును తనిఖీ చేయలేం. పనిని చేయగలం.

మంచి మనసు సిద్ధాంతానికి ఇష్టమైన పరిష్కారం హోమ్. పిల్లవాడు కష్టంలో ఉన్నాడంటే, తీసుకెళ్లి హోమ్‌లో చేర్పిస్తే పుణ్యం. కేంద్రం చేయించిన, 2018లో వెలువడిన పరిశీలన ప్రకారం అప్పట్లో దేశంలో 9,589 సంస్థల్లో సుమారు 3.7 లక్షల మంది పిల్లలున్నారు. అనాథలకంటే తల్లో తండ్రో ఉన్న పిల్లలే వారిలో ఎక్కువ. సంస్థలో చేర్చడం చివరి మార్గం కావాలని బాల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లోనే ఉంది. దాని వెనుక బలమైన ఆధారాలున్నాయి. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఆరు శిశు సంస్థల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, పోషణ కుటుంబాల్లో పెంచారు. నాలుగున్నరేళ్ల వయసుకు ఆ పిల్లల సగటు ఐక్యూ 81, సంస్థలకు కేటాయించినవారిది 73. 2007లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఈ ఫలితాలను చాలామంది ఉదహరిస్తారు. ఆ పోషణ కుటుంబాలకు శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు నిరంతరం అండగా నిలిచారన్న సంగతి మాత్రం ఎక్కువమంది చెప్పరు.

అది చెప్పకపోతే ఏమవుతుందో 2020 చూపించింది. హోమ్‌లు చెడ్డవి, ఇల్లు మంచిది అన్న సూత్రం పట్టుకుని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఎనిమిది రాష్ట్రాల్లోని హోమ్‌ల పిల్లల్ని వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ ఆ సెప్టెంబరులో కోరింది. కొవిడ్ మొదలైనప్పుడు సంస్థల్లో ఉన్న 2.27 లక్షల మందిలో 1.45 లక్షల మంది ఇళ్లకు చేరారని డిసెంబరు నాటికి సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది. ఉపాధి పోయి, ఇంట్లో తిండికే కటకటలాడుతున్న సమయమది. ప్రతి ఇంటికీ వెళ్లి, ప్రతి బిడ్డతోనూ మాట్లాడి, వెళ్లాక ఎలా ఉన్నారో చూడటానికి సరిపడా మనుషులు లేరు. మూకుమ్మడిగా హోమ్‌లో చేర్చడం, మూకుమ్మడిగా ఇంటికి పంపడం రెండూ ఒకే తప్పు. రెండింటిలోనూ ఈ బిడ్డకు ఏది మేలని విడిగా తేల్చే మనిషి లేడు.

ఆ మనిషికి మనమిచ్చే విలువెంతో నోటిఫికేషన్లు చూస్తే తెలుస్తుంది. మిషన్ వాత్సల్య కింద జిల్లా బాలల రక్షణ విభాగంలో సోషల్ వర్కర్‌కు నెలకు రూ.18,536. ఇళ్ల చుట్టూ తిరిగే ఔట్‌రీచ్ వర్కర్‌కు రూ.10,592, అర్హత ఇంటర్. అదీ కాంట్రాక్టు మీద. బాలల సంక్షేమ కమిటీ సభ్యుల అర్హతలను 2021 సవరణతో బాల న్యాయ చట్టం మరింత బిగించింది, నియామకమైన రెండు నెలల్లో శిక్షణ ఇవ్వాలని ముందునుంచే చెబుతోంది. మంచిదే. అయితే కమిటీ నిర్ణయం నిలబడేది కిందినుంచి వచ్చిన నివేదిక మీద. ఆ నివేదిక రాసే చేతికి సరైన శిక్షణ, జీతం లేవు. ఈ విమర్శ ఆ ఉద్యోగుల మీద కాదు. అరకొర జీతానికి జిల్లా అంతా తిరుగుతున్నవాళ్లను నేర్పకుండానే యుద్ధానికి పంపినవాళ్ల మీద.

నేర్పడానికి చోటు లేక కాదు. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) అదే. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ 1996లో పుట్టింది కూడా అక్కడి ప్రాజెక్టుగానే. ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. క్షేత్రానికి వెళ్లడం, చూసింది విన్నది రాయడం, ఆ రాతను గురువు ముందు పెట్టి తప్పులు దిద్దుకోవడం ఆ చదువుకు ప్రాణం. అలా నేర్చినవాళ్లలో చాలామంది హెచ్‌ఆర్, సీఎస్‌ఆర్ ఉద్యోగాలకు పోతున్నారంటే ఆశ్చర్యమేముంది? లాయర్లకు, నర్సులకు ఉన్నట్టుగా సోషల్ వర్కర్లందరికీ వర్తించే చట్టబద్ధమైన మండలి ఈ దేశంలో లేదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆసుపత్రుల్లోని సోషల్ వర్కర్లను గుర్తించింది, బాలల రక్షణలో ఉన్నవారు దాని పరిధికి బయటే ఉండిపోయారు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది ఎంవీ ఫౌండేషన్ ఉదాహరణ. శాంతా సిన్హా నాయకత్వంలో రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పిల్లల్ని పనిమాన్పించి బడికి పంపింది పల్లె యువకులే కదా, వాళ్లకు ఏ ఎంఎస్‌డబ్ల్యూ ఉందని అడుగుతారు. నిజమే. అయితే వాళ్లను ఎవరూ జాలి ఒక్కటే చేతికిచ్చి ఊళ్లోకి పంపలేదు. యజమానితో ఎలా మాట్లాడాలి, తల్లిదండ్రుల్ని ఎలా ఒప్పించాలి, బ్రిడ్జి క్యాంపులో పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతికి ఎలా సిద్ధం చేయాలి అన్నది పనిలోనే పద్ధతిగా నేర్చుకున్నారు. ఆ ఉదాహరణ చెప్పేది డిగ్రీ లేకున్నా శిక్షణ సాధ్యమని. శిక్షణ అక్కర్లేదని కాదు.

రెండోది బ్రిటన్. అక్కడ డిగ్రీలున్న సోషల్ వర్కర్లు ఉండి కూడా పిల్లలు చనిపోలేదా? చనిపోయారు. ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబియే 2000 ఫిబ్రవరిలో లండన్‌లో చిత్రహింసలకు బలైంది. ఆ పాపను కాపాడే అవకాశాలు కనీసం పన్నెండు చేజారాయని 2003లో లార్డ్ లామింగ్ విచారణ తేల్చింది. కేసు చూసిన సోషల్ వర్కర్‌కు అనుభవం తక్కువని, పైవాళ్ల పర్యవేక్షణ సరిగా లేదని కూడా చెప్పింది. బ్రిటన్ దానికి జవాబుగా శిక్షణను ఎత్తేయలేదు. 2005 నుంచి ఇంగ్లండ్‌లో రిజిస్ట్రేషన్ లేనివాళ్లు సోషల్ వర్కర్ అని చెప్పుకోవడమే నేరం. విఫలమైనప్పుడు ఎవరు, ఎక్కడ తప్పారో పేరు పెట్టి చెప్పగలిగే వ్యవస్థ వాళ్లకుంది. మన దగ్గర బిడ్డ రెండోసారి పారిపోతే ఆ తప్పు ఏ ఖాతాలోనూ పడదు.

డబ్బు లేదనడం కూడా నిలవదు. ఫోన్ నంబర్లకు, వాహనాలకు, భవనాలకు, పిల్లల్ని రక్షించేందుకు ఏటా జనవరిలో జరిగే ఆపరేషన్ స్మైల్‌కు, జులైలో జరిగే ముస్కాన్‌కు యంత్రాంగం కదులుతూనే ఉంది. రక్షించిన పిల్లల సంఖ్యతో ప్రకటనలు వస్తున్నాయి. ఆర్నెల్ల తర్వాత ఆ పిల్లలెక్కడున్నారన్న లెక్క అలా ప్రకటించరు.

రెండు తెలుగు ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టంగానే ఉంది. బాలల రక్షణ విభాగాల్లో సోషల్ వర్కర్ పోస్టులను రెగ్యులర్ చేసి, సోషల్ వర్క్ చదివినవారితో నింపాలి. ఇప్పుడున్న ఔట్‌రీచ్ వర్కర్లను తీసేయకుండా, విశ్వవిద్యాలయాలకు అప్పగించి జీతంతో కూడిన శిక్షణ ఇప్పించాలి. ప్రతి జిల్లాలో వాళ్ల నివేదికలు చదివి, తప్పొప్పులు చెప్పే సీనియర్ ఒకరుండాలి. ఏ త్రైమాసికంలో ఎందరు పిల్లలు కమిటీ ముందుకొచ్చారు, ఎందరి విచారణ 15 రోజుల్లో పూర్తయింది, అందులో ఎన్నింటికి సోషల్ వర్కర్ స్వయంగా ఇంటికి వెళ్లారు, పంపిన పిల్లల్లో ఎందరు మళ్లీ వెనక్కి వచ్చారు అన్న నాలుగు అంకెలను పిల్లల పేర్లు లేకుండా ప్రతి జిల్లా ప్రకటించాలి. అవి బయటికొచ్చిన నాడు ఏ జిల్లాలో పని జరుగుతోందో, ఏ జిల్లాలో జాలి మాటలతో సరిపెడుతున్నారో శాసనసభ్యులు, విలేకరులు, తల్లిదండ్రులు పేరు పెట్టి అడగగలుగుతారు.