రాబిన్ తల్లి ఎక్కడ?

ఓ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయితో కలిసి 'ది డార్క్ నైట్' మళ్ళీ చూశాను. అప్పటికి దానికి పదమూడేళ్ళు. 2008లో వచ్చిన ఆ సినిమా చివరి ఘట్టంలో హార్వీ డెంట్, పోలీసు అధికారి గోర్డన్ కుటుంబాన్ని తుపాకి ముందు నిలబెడతాడు. భార్య, కొడుకు, కూతురు. వీళ్ళలో నీకు అందరికంటే ఇష్టమైన వాళ్ళెవరని గోర్డన్ని అడిగి, కొడుకుని లాక్కుంటాడు. ఆ పిల్లవాణ్ణి బ్యాట్‌మ్యాన్ కాపాడతాడు. బ్యాట్‌మ్యాన్ ఎందుకు పారిపోతున్నాడని తండ్రిని అడిగేదీ ఆ పిల్లవాడే. సినిమా ఆఖరి మాటలన్నీ వాడికి తండ్రి చెప్పే జవాబే. సినిమా అయిపోగానే మా అమ్మాయి, "ఆ ఆడపిల్ల ఎందుకుందమ్మా ఇందులో?" అంది.

అంతకుముందు రెండుసార్లు చూసిన సినిమా అది. సాహిత్యంలో స్త్రీల మౌనం గురించి ఏళ్ళ తరబడి తరగతి గదిలో పాఠాలు చెప్పినదాన్ని. నాకు మాత్రం ఆ పిల్ల కనిపించనే లేదు. కామిక్స్ చదివేవాళ్ళకి గోర్డన్ కూతురు బార్బరా బాగా తెలుసు. 1967 నుంచీ ఆమె బ్యాట్‌గర్ల్. సినిమాలో మాత్రం ఆ కూతురు తల్లిని కరుచుకుని నిలబడ్డ ఓ చిన్న ఆకారం, అంతే.

క్రిస్టఫర్ నోలన్ 2005, 2008, 2012లలో తీసిన మూడు బ్యాట్‌మ్యాన్ సినిమాల్ని 'వాస్తవిక' సూపర్‌హీరో సినిమాలంటారు. వాటిలోకి రాబిన్‌ని, అంటే హీరో పక్కన నడిచే కుర్ర సహాయకుణ్ణి, రానివ్వకపోవడానికి అభిమానులు చెప్పే కారణం కూడా వాస్తవికతే. ఒక నడివయసు కోటీశ్వరుడు పసివాడికి ముసుగు తొడిగి నేరస్థుల మీదికి తోలితే ఎవరు నమ్ముతారు, అది పిల్లల్ని హింసించడం కాదా, అంటారు. నిజమే, హింసించడమే. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ వాస్తవికత మిగతా చోట్ల ఎలా ప్రవర్తిస్తోందో కాస్త చూద్దాం.

2005 సినిమాలో ఓ యంత్రం ఊరి గొట్టాల్లోని నీళ్ళన్నిటినీ ఆవిరి చేసేస్తుంది. పక్కనే నిలబడ్డ మనుషుల ఒంట్లో నీటికి మాత్రం ఏమీ కాదు. 2008 సినిమాలో ఊళ్ళోని ప్రతి ఫోనూ ఒక కన్నై బ్యాట్‌మ్యాన్‌కి దారి చూపిస్తుంది. 2012లో నడుం విరిగినవాడికి గోతిలో తాడు కట్టి వేలాడదీసి, వెన్నుపూస మీద ఒక్క గుద్దు గుద్దితే లేచి నిలబడతాడు. ఇవన్నీ వాస్తవికమే! ఆ మనిషి పక్కన ఒక పిల్ల నిలబడితే మాత్రం నమ్మలేమట. వాస్తవికత పేరుతో జరిగేది ఎంపిక. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఎవరో నిర్ణయిస్తున్నారు. ఎవరి సౌకర్యం కోసం అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

పిల్లలు రాగానే వాళ్ళ వెనకే కొన్ని ప్రశ్నలు వస్తాయి. ఈ పిల్ల రాత్రి అన్నం తిన్నదా? ఆ గాయానికి మందు ఎవరు రాశారు? రేపు బడికి ఎవరు పంపుతారు? ఈ పని చెయ్యమని ఎవరు ఒప్పుకున్నారు? ఇవి సంరక్షణకి సంబంధించిన ప్రశ్నలు. మన సమాజంలోనే కాదు, గోథమ్ నగరంలోనూ వీటిని అడిగే బాధ్యత ఆడవాళ్ళమీదే పడింది. అందుకే ఈ కథల్లో పిల్లలకంటే ముందు తీసెయ్యాల్సి వచ్చింది తల్లిని.

చరిత్ర చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. బ్యాట్‌మ్యాన్ పుట్టింది 1939లో. మరుసటి ఏడాదే, 1940లో, రాబిన్ వచ్చాడు. ఆ చీకటి మనిషికి మాట్లాడ్డానికి ఎవరూ లేకపోవడం రచయిత బిల్ ఫింగర్‌కి ఇబ్బందైంది. అంటే మగవాడి ఒంటరితనం తీర్చడానికి ఒక పిల్లవాడు కావలసి వచ్చాడు. ఆ పిల్లవాడు డిక్ గ్రేసన్. సర్కస్‌లో తల్లీ తండ్రీ కళ్ళముందే చనిపోయారు. మూడో రాబిన్ టిమ్ డ్రేక్‌కి మొదట్లో తల్లిదండ్రులిద్దరూ ఉన్నారు. కానీ అతను రాబిన్‌గా అధికారికంగా దుస్తులు తొడిగే లోపే తల్లిని చంపేశారు.

రెండో రాబిన్ జేసన్ టాడ్ కథ ఇంకా ఘోరం. 1988లో అతను బతకాలో చావాలో పాఠకుల్నే ఫోన్ చేసి చెప్పమన్నారు. చావాలన్నవి 5,343 ఓట్లు, బతకాలన్నవి 5,271. డెబ్భై రెండు ఓట్ల తేడాతో ఒక పిల్లవాడు చచ్చిపోయాడు. ఈ ఓట్ల సంగతి అందరూ చెప్పుకుంటారు. ఆ కథలో జేసన్ వెళ్ళింది తన కన్నతల్లిని వెతుక్కుంటూ అనీ, దొరికిన తల్లే వాణ్ణి జోకర్‌కి అప్పగించిందనీ, ఆ పేలుడులో ఆమే చనిపోయిందనీ అంతగా చెప్పుకోరు. తల్లి చచ్చిపోయి ఉండాలి. బతికుంటే ద్రోహి అయి ఉండాలి. మూడో దారి ఆ రచయితలకి తోచలేదు.

అసలు ఈ వరస హీరోతోనే మొదలైంది. బ్రూస్ వేన్ తల్లీ తండ్రీ ఒకే వీధిలో ఒకే రాత్రి చనిపోయారు. 2005 సినిమాలో తండ్రి నీతులు చెబుతాడు, కొడుకుని బావిలోంచి పైకి తెస్తాడు, అతని మాటలు సినిమా పొడుగునా ప్రతిధ్వనిస్తాయి. తల్లి మార్తాకి దాదాపు మాటల్లేవు. ఇద్దరు చచ్చిపోతే సినిమా ఒక్కరికోసమే ఏడ్చింది.

మన పాత కథల్లోనూ కుర్రవాళ్ళని యుద్ధానికి పంపారు. అభిమన్యుణ్ణి పంపారు. యాగరక్షణకి రాముణ్ణి అడిగితే, వాడికింకా పదహారేళ్ళైనా నిండలేదని దశరథుడు బతిమాలుకున్నాడు. పల్నాటి బాలచంద్రుణ్ణి తల్లి ఐతమ్మ ఆపాలని చూసింది, భార్య మాంచాల సాగనంపింది. ఆపినవాళ్ళ మాట నెగ్గిందని నేననను. నెగ్గలేదు. ఆ కథలు స్త్రీలకి న్యాయం చేశాయనీ అనను. కానీ పిల్లవాడు గడప దాటుతుంటే చెయ్యి పట్టుకునే మనిషి ఆ కథల్లో ఉంది. ఏడవడానికి ఒక సుభద్ర ఉంది. వాస్తవికమని చెప్పుకునే ఈ సినిమాల్లో ఆ మాత్రం చోటు కూడా లేదు.

ఇక ఆడపిల్లల సంగతి. 1986లో ఫ్రాంక్ మిల్లర్ రాసి బొమ్మలు గీసిన 'ది డార్క్ నైట్ రిటర్న్స్'లో పదమూడేళ్ళ క్యారీ కెల్లీ ఉంది. ఎవరూ పిలవకుండానే తన డబ్బుతో రాబిన్ దుస్తులు కొనుక్కుని వచ్చి, ముసలి బ్యాట్‌మ్యాన్ ప్రాణం కాపాడుతుంది. ఆమె తల్లిదండ్రులు బతికే ఉన్నారు గానీ, తమకో కూతురుందన్న ధ్యాసే ఉండదు వాళ్ళకి. 2012 సినిమా ఆ పుస్తకం నుంచి చాలా తీసుకుంది. పని మానేసి ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన హీరోని తీసుకుంది. అతన్ని మళ్ళీ చూసి ఓ పెద్ద పోలీసు కుర్ర పోలీసుకి చెప్పే మాటనీ తీసుకుంది. పిల్లని మాత్రం వదిలేసింది. ఆమె చోటులో జాన్ బ్లేక్ అనే ఎదిగిన పోలీసు యువకుణ్ణి పెట్టి, చివర్లో అతని అసలు పేరు రాబిన్ అని చమత్కరించింది. ఆ బ్లేక్ కూడా అనాథే. తల్లి కారు ప్రమాదంలో పోయిందని ఒక్క వాక్యంలో చెబుతాడు. 2016లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' కూడా అదే పుస్తకంలోని ఇనుప కవచాన్ని తెచ్చుకుంది. పిల్లని తేలేదు. గాజుపెట్టెలో చచ్చిపోయిన రాబిన్ దుస్తుల్ని మాత్రం చూపించింది.

ఆ గాజుపెట్టె గౌరవం కూడా అందరికీ దక్కదు. 2004లో కామిక్స్‌లో స్టెఫనీ బ్రౌన్ కొద్దికాలం రాబిన్ అయింది. చిత్రహింసలు పెట్టి ఆమెనీ చంపేశారు. జేసన్ దుస్తులకి గుహలో స్మారకం ఉంది. స్టెఫనీకి లేదు. ఎందుకు లేదని పాఠకురాళ్ళు ఉద్యమంలా అడిగారు. ఆఖరికి 2008లో ఆమె చావనే లేదని కథ తిప్పి రాశారు. ఇదంతా ఊహాలోకపు గొడవ కదా అని మనలో కొందరు నవ్వవచ్చు. ఎవరి చావుకి గుర్తు మిగలాలి, ఎవరి చావు మరిచిపోదగింది అన్న లెక్క ఏ లోకంలోనైనా రాజకీయమే.

పిల్లల్ని తెచ్చిన సినిమాలు లేకపోలేదు. 2010 నాటి 'కిక్-యాస్'లో తండ్రి కూతురికి తూటాలు తగలని చొక్కా తొడిగి, గుండెల మీద తుపాకి పేల్చి తర్ఫీదు ఇస్తాడు. హాలంతా నవ్వాలని తీసిన సన్నివేశం అది. తల్లి ఎప్పుడో చనిపోయింది. పిల్లకి బాల్యం లేకుండా చేస్తున్నావని అడిగేది తండ్రి పాత స్నేహితుడైన ఒక పోలీసు. అంటే ఆ ప్రశ్న కూడా ఇద్దరు మగవాళ్ళ మధ్యే ఉండిపోయింది. పదకొండేళ్ళ నటి నోట బూతులేమిటని పెద్ద దుమారం రేగింది. తండ్రి పేల్చిన తూటా మీద అంత దుమారం రేగలేదు.

2017లో వచ్చిన 'లోగన్' వీటన్నిటికంటే నిజాయితీగల సినిమా. లారా అనే పిల్లని ఒక సంస్థ ఆయుధంగా తయారుచేస్తుంది. హింస ఆ పిల్లనేం చేసిందో సినిమా దాచలేదు. కానీ అందులోనూ ఒక్క మాట అలా వచ్చి వెళ్ళిపోతుంది. ఈ పిల్లల్ని కడుపున మోసింది మెక్సికో అమ్మాయిలట. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదట. అంతే. వాళ్ళకి పేర్లు లేవు, ముఖాలు లేవు. పిల్లని తప్పించి తీసుకొచ్చిన నర్సు గాబ్రియెలా కథ మొదట్లోనే చచ్చిపోతుంది. ఆమె చేసిన ఆ పెద్ద సాహసాన్ని మనం ఫోన్‌లోని వీడియో ముక్కల్లో చూడాలి. లోగన్‌ని తండ్రిగా నిలబెట్టడానికి ఎందరు తల్లులు అడ్డు తొలగాల్సి వచ్చిందో చూడండి.

పెద్దల బరువు మోసే పిల్లలు నాకు అవాస్తవికంగా కనిపించరు. మా ఇంట్లో పదకొండేళ్ళకి నా చంకలో తమ్ముడు ఉండేవాడు. అమ్మ పురిటికి పోతే పొయ్యి దగ్గర నేనే. దాన్ని ఎవరూ సాహసమనలేదు, ఆడపిల్ల బుద్ధి అన్నారు. ఆ రోజుల్లో "పిల్లచేత ఇంత పని చేయిస్తావేమిట్రా" అని మా నాన్నని అడిగింది మా నాయనమ్మ ఒక్కతే. ఆ మాటతో నా పని తగ్గలేదు. కానీ నా మీద జరుగుతున్నది తప్పని నాకు తెలిసింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ మాట పుణ్యమే.

కాబట్టి వాస్తవిక సూపర్‌హీరో సినిమాల్లోకి పిల్లలు రాకూడదన్న వాదనని నేను ఒప్పుకోను. రావాలి. వస్తేనే ఆ హీరో చేసేదేమిటో బయటపడుతుంది. కానీ పిల్లతో పాటు, ఆ పిల్లని పంపనని చెప్పగలిగే స్త్రీ కూడా రావాలి. అమ్మే కానక్కర్లేదు. అమ్మమ్మ కావచ్చు, పంతులమ్మ కావచ్చు, పక్కింటి మనిషి కావచ్చు. ఆమె మొదటి పది నిమిషాల్లో చచ్చిపోకూడదు. గుహ మెట్లు దిగి వచ్చి, 'నా పిల్ల మోచెయ్యి ఎలా విరిగింది?' అని అడగాలి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక బ్యాట్‌మ్యాన్ తల దించుకుంటే, ఈ సినిమాల్లో నేను చూసిన మొదటి వాస్తవిక దృశ్యం అదే అవుతుంది.

2022లో మ్యాట్ రీవ్స్ తీసిన 'ది బ్యాట్‌మ్యాన్'లో హత్యకి గురైన మేయర్ కొడుకు ఉన్నాడు. బ్యాట్‌మ్యాన్ వాణ్ణి చూసే చూపులో రాబోయే రాబిన్‌ని చాలామంది పోల్చుకున్నారు. ఆ పిల్లవాడి తల్లి బతికే ఉంది. ఆ వరసలో తరువాతి సినిమాలు వచ్చినప్పుడు మిగతావాళ్ళు కారునీ కవచాన్నీ చూసుకోనివ్వండి. మనం మాత్రం ఆ తల్లిని ఏం చేశారో చూద్దాం.