కాగితం మీద లేని కచేరీ

జూన్ 21న మన పట్టణాల్లో ప్రపంచ సంగీత దినోత్సవం ఎలా జరుగుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. కళాక్షేత్రంలో సినీ సంగీత విభావరి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, ఉపన్యాసాలు. మిగిలిన వేళలో పాటలు. పాడేవాళ్లు బాగానే పాడతారు, కొందరు చాలా బాగా పాడతారు. వాళ్ల వెనక మాత్రం ఎవరూ ఉండరు. తబలా ఉండదు, వయొలిన్ ఉండదు, ఇప్పుడు కీబోర్డు కూడా ఉండటం లేదు. పెన్‌డ్రైవ్‌లోంచి ట్రాక్ వస్తుంది, దాని మీద గొంతు కలుస్తుంది. 1982లో ఫ్రాన్సులో ఈ పండుగ పుట్టిందే వాయించేవాళ్ల కోసం. ఆ దేశంలో 50 లక్షల మందికి ఏదో ఒక వాద్యం వచ్చునని సర్వేలో తేలింది. మరి వాళ్లంతా ఎక్కడ వాయిస్తున్నారని అడిగి, అందరినీ వీధుల్లోకి రమ్మన్నారు నాటి సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్, ఆయన శాఖలో సంగీత వ్యవహారాలు చూసిన మారిస్ ఫ్లోరే. ఆ పండుగను మనం తెచ్చుకున్నాం, వాయించేవాళ్లను తీసేశాం.

మన సినిమా సంగీతాన్నే మనుషులు వాయిస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే లండన్ వైపు చూడాలి. అక్కడ రాయల్ ఆల్బర్ట్ హాలు ఉంది. 1871లో తెరిచారు, 5 వేల పైచిలుకు మంది కూర్చోవచ్చు. 2025 మే 11న అక్కడ తెర మీద ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఆడుతుండగా, తెర కింద రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా ఆ సినిమా సంగీతాన్ని అక్కడికక్కడే వాయించింది. 2019 అక్టోబరులో ‘బాహుబలి: ది బిగినింగ్’కు ఇదే హాల్లో చెక్ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా ఇదే పని చేసింది. రెండింటికీ స్వరకర్త కీరవాణి. మనకు అందిన వార్తల్లో నటులు వచ్చారు, అభిమానులు కేరింతలు కొట్టారు అన్నదే ఎక్కువ. వాయించినవాళ్ల గురించి రెండు వాక్యాలు వస్తే గొప్ప.

అలాంటి కచేరీలో కూర్చుంటే దక్కేది ఏమిటి? మొదట సినిమా నుంచి సంగీతాన్ని ఒక్కదాన్నే విడదీసి పక్కన పెడతారు. మాటలు, గుర్రపు డెక్కల చప్పుడు, తుపాకుల మోత ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఖాళీ అయిన చోటును మనుషులు నింపాలి. వాద్యబృందాన్ని నడిపించే నిర్వాహకుడి (కండక్టర్) ముందు చిన్న తెర ఒకటి ఉంటుంది. అందులోనూ అదే సినిమా. దాని మీద ఒక నిలువు గీత అటు నుంచి ఇటు జరుగుతూ వస్తుంది, గీత చివరికి చేరగానే తెల్లటి చుక్క మెరుస్తుంది. తాళం సరిగ్గా అక్కడ పడాలి. హాలీవుడ్‌లో స్వరకర్త ఆల్‌ఫ్రెడ్ న్యూమన్ నాటి నుంచి ఉన్న పద్ధతి ఇది. మామూలు సింఫనీలో నిర్వాహకుడు ఒక క్షణం ఆగవచ్చు, ఊపిరి తీసుకోవచ్చు. ఇక్కడ సినిమా ఎవరి కోసమూ ఆగదు. మూడు గంటలు దాటిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ను అలా నడపడం కండబలం కూడా కావలసిన పని.

సినిమా హాల్లో మనకు ఒక ఉప్పెన వినిపిస్తుంది, దాన్ని ‘బీజీఎం’ అని ఊరుకుంటాం. ఇక్కడ ఆ ఉప్పెన ఎవరెవరి చేతుల్లోంచి వస్తోందో కనిపిస్తుంది. వయొలిన్ వరుసలో కమానులన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి, ఒక్కసారి దిగుతాయి. హార్న్ వాయించే మనిషి చాలాసేపు ఊరికే కూర్చుంటాడు. నిజానికి ఊరికే కాదు, మనసులో ఆవర్తనాలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. తన వంతు రాగానే నాలుగు స్వరాలు పలికి మళ్లీ మౌనం. హీరో తెర మీదికి వచ్చేటప్పుడు మన ఒళ్లు జలదరించిందంటే అందులో ఈ నాలుగు స్వరాల వాటా ఎంతో అప్పుడు తెలుస్తుంది. ఉన్నదున్నట్టు వాయించడంలో గొప్పేముంది, మనోధర్మం ఏదీ అని శాస్త్రీయ సంగీతాభిమానులు అడగవచ్చు. కర్ణాటక కచేరీకి ఆ ప్రశ్న న్యాయమే. ఇక్కడ సృష్టి ముందే జరిగిపోయింది. ఇంతమంది ఒక్క ఊపిరితో దానికి మళ్లీ ప్రాణం పోయడం వేరే విద్య.

ఇదంతా డబ్బున్న దేశం, పెద్ద హాలు, తెల్లవాళ్ల క్రమశిక్షణ వల్ల సాధ్యమైందనుకుంటే పొరపాటు. అసలు సంగతి ప్రతి వాద్యకారుడి ముందూ ఉన్న కాగితం. ఏ వాద్యం ఎక్కడ మొదలవాలి, ఎంతసేపు పలకాలి, ఎంత మెల్లగా పలకాలి అన్నది రాసి ఉంది. ఆ కాగితం ఉంటే ప్రాగ్‌లో వాయించవచ్చు, పాలకొల్లులోనూ వాయించవచ్చు.

మన పాత సినిమాలకు అది లేదు. మద్రాసు స్టూడియోల్లో వాద్యకారులంతా ఒకే గదిలో కూర్చుని వాయించిన కాలం అది. ఎవరి కమాను జారినా టేక్ మళ్లీ మొదటి నుంచి. ఆ రోజు కాల్షీటు కోసం ఒకరు సరిగమల్లో, మరొకరు పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లో రాసుకునేవారు. రికార్డింగ్ అయ్యాక ఆ కాగితంతో ఎవరికీ పని లేదు. రీలు మిగిలింది, రాత పోయింది. 1951 నాటి ‘మల్లీశ్వరి’ అనగానే సాలూరి రాజేశ్వరరావు గుర్తొస్తారు, రావాలి కూడా. ఆ సినిమాకు వాద్యగోష్ఠి సమకూర్చిన అద్దేపల్లి రామారావు పేరు ఎంతమందికి తెలుసు? ‘మాయాబజార్’లో కొన్ని పాటలకు వరసలు రాజేశ్వరరావువి, వాటికి వాద్యాల కూర్పు చేసి పూర్తిచేసింది ఘంటసాల అంటారు. వరస ఒకరిది, దాని చుట్టూ అల్లిన వాద్యాల కూర్పు మరొకరిది కావచ్చన్న గ్రహింపు మన పాటల ముచ్చట్లలో కనిపించదు. మనకు పాట అంటే గొంతు, ఆ తర్వాత సాహిత్యం, ఆ తర్వాత వరస. అక్కడితో సరి.

   

రాత విషయంలో ఇళయరాజా సంగతి వేరు. వాద్యకారులు వచ్చేసరికే అన్ని వాద్యాల స్వరాలూ కాగితం మీద సిద్ధంగా పెట్టే మనిషి ఆయన. 1976లో ‘అన్నక్కిళి’తో పేరు రాకముందు ఆయన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కచేరీ బృందంలో గిటార్, హార్మోనియం వాయించారు. ఊరూరా తిరిగే ఆర్కెస్ట్రా వేదిక నుంచి వచ్చిన ఆ చెయ్యే రాసిన సింఫనీని 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది.

ఆ ఊరూరి ఆర్కెస్ట్రాలు మన దగ్గరా ఉండేవి. వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు వాటికి కొలువులు. గాయకుడు జి. ఆనంద్ ‘స్వరమాధురి’ లాంటి బృందాలు దేశవిదేశాలు తిరిగాయి. కాంగోలు, తబలా, రెండు కీబోర్డులు, ఒక గిటార్. క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి విని పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ప్రతి బిట్టునూ పట్టేవారు. ఒకటి తప్పితే ముందు వరసలో కూర్చున్న రిక్షా కార్మికుడు కూడా కనిపెట్టేవాడు. ట్రాక్ చవకగా దొరకడంతో ఆ బృందాలు చెదిరిపోయాయి. అంతకు ముందే సింథసైజర్ రాకతో మద్రాసులో వయొలిన్ వరుసలు పలచబడ్డాయి. ఇప్పుడు కాస్త పెద్ద తెలుగు సినిమా అంటే వయొలిన్ల కోసం బుడాపెస్టుకో, మాసిడోనియాకో వెళ్లడం మామూలైంది. వెళ్లడం తప్పు కాదు, అక్కడివాళ్లు అద్భుతంగా వాయిస్తారు. కానీ ముంబైలో 2006 నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది, చెన్నైలో పేదింటి పిల్లలతో రెహమాన్ సన్‌షైన్ ఆర్కెస్ట్రా నడుపుతున్నారు. ఇన్ని వందల కోట్ల సినిమాలు తీసే తెలుగువాళ్లకు సొంత వాద్యబృందం అన్న ఊహ కూడా లేకపోవడం వింతగా ఉంది.

బృందం కన్నా ముందు కావలసింది కాగితమే. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ విగ్రహాలకు ఇచ్చే శ్రద్ధలో కొంత ఇటు మళ్లించినా చాలు. ఘంటసాల చదువుకున్న విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. అక్కడ ఒక గది, స్టాఫ్ నొటేషన్ రాయగల నలుగురు యువకులు, జీతాలు. మొదటి ఏడాదికి ఒక్క సినిమా. ‘మల్లీశ్వరి’ అయితే మరీ మంచిది. చెవితో విని, వాద్యం వాద్యంగా విడదీసి రాయాలి. రాసిన ప్రతి భాగం మీదా కూర్పరి పేరు, తెలిసినంత మేర వాయించినవాళ్ల పేర్లు వేయాలి. డెబ్బైల్లో, ఎనభైల్లో కాల్షీట్లకు వాయించిన వాద్యకారులు కొందరు ఇంకా చెన్నైలోనే ఉన్నారు. ఏ పాటలో ఏ బిట్టు ఎవరు వాయించారో వాళ్లు నోటితో చెప్పగలరు. వాళ్లందరికీ వయసు మీద పడింది కాబట్టి, గది సంగతి తేలేవరకూ ఆగకుండా ముందు ఒక రికార్డరు పట్టుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లాలి.